కొంగు తిప్పిన రాణి

పోయినవారం మనం ఆదిలక్ష్మిని నడింట్లో నిలబెట్టి వచ్చేశాం. చేతిలో కోడలి ఫోను, ఫోనులో ఎవరో రాణి, వాకిట్లో ఆగిన ఆటోలోంచి సంచి పట్టుకుని దిగుతున్న మొగుడు. పాపం, ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది.

ఆయన లోపలికి వచ్చేలోగా మిగతాది కూడా ఒకసారి తలుచుకుందాం. అనంతపురం పాతఊళ్ళో చీరల అంగడి మల్లికార్జునయ్యది. పరుపు మీద నిలబడి, ఎదురుగా కూర్చున్న ఆడవాళ్ళకు పట్టుచీరను తన ప్యాంటు మీదే చుట్టుకుని, కుచ్చిళ్ళు పెట్టి, కొంగు భుజాన వేసి చూపించడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరని ధర్మవరం దాకా పేరు. ఆ పనితనం చూసే చీరల వ్యాపారుల సంఘంవాళ్ళు తమ గుడిలో దసరా తొమ్మిది రోజులూ అమ్మవారి చీరకు కుచ్చిళ్ళు పట్టే బాధ్యత ఆయనకు అప్పజెప్పారు. అలంకారం పూజారిదే, కానీ కుచ్చిళ్ళు మాత్రం మల్లికార్జునయ్య పట్టి అందించాల్సిందే. ఆయన పెళ్ళయిన కొత్తలో మొదలైన ముచ్చట, ఈనాటికీ తప్పలేదు. అంగడిలో గిరాకీ లేని కరువు ఏళ్ళల్లో కూడా ఆ ఇంటికి తలెత్తుకుని తిరిగే ధైర్యం ఇచ్చింది ఆ కుచ్చిళ్ళే.

అలాంటి మనిషి అప్పుడప్పుడు రాయదుర్గం వైపు మగ్గాలు చూసొస్తానని వెళ్ళేవాడు. వెళ్ళింది మగ్గాల దగ్గరికి కాదు. గుమ్మఘట్ట మండలంలో ఒక పల్లె ఉంది. వాన మొహం చాటేసినప్పుడల్లా ఆ ఊరివాళ్ళు దేవుడి పేరున నాటకం ఆడిస్తారు. ఈసారి ఆ నాటకంలో రాణి వేషాన్ని ఎవరో ఫోనులో తీశారు. అది ఊరూరా తిరిగి సంఘం వాట్సాప్ గ్రూపులో వచ్చి పడింది.

మొహం నిండా రంగు, నెత్తిన కిరీటం, కళ్ళకు ఇంత కాటుక. ఎవరో ఏమిటో గుర్తుపట్టే దారే లేదు. కానీ రాజ్యం పోగొట్టుకుని, బిడ్డను చంకనేసుకుని అడవిలో నిలబడిన ఆ రాణి, ఏడ్చేముందు కొంగును మోచేతి మీదికి తీసుకుని, జరీ అంచును రెండు వేళ్ళతో వెలుతురులోకి తిప్పింది. చూస్తున్నవాళ్ళు చీరల వ్యాపారులాయె. వాళ్ళకు ఇంకేం కావాలి? అంగట్లో అలవాటైన చెయ్యి అడవిలో కూడా సరుకు చూపించింది. "ఈ రాణిగారి అంగడి మన పాతఊర్లోనే ఉండాదప్పా" అని ఎవరో రాశారు. దాని కింద నవ్వే బొమ్మలు వరస కట్టాయి.

రేపు సంఘం సభ. ఈ దసరాకు అమ్మవారి కుచ్చిళ్ళు ఎవరి చేతికి ఇవ్వాలో రేపు తేలిపోతుంది.

సరే, మల్లికార్జునయ్య లోపలికి వచ్చేశాడు. కాళ్ళు కడుక్కున్నాడు. పలకరించేవాళ్ళు లేరు. కొడుకు సుదర్శన్ సోఫా అంచున కూర్చుని నేల చూస్తున్నాడు. కోడలు ఐశ్వర్య మంచినీళ్ళ చెంబు తెచ్చి, ఎవరికివ్వాలో తెలియనట్టు బల్ల మీద పెట్టింది. ఆ ఇంట్లో మధ్యాహ్నం పూట టీవీ మోగకపోవడమే ఒక వార్త. ఆయనకు అర్థమైపోయి ఉంటుంది. అయినా చాప పరిచి, సంచిలోంచి అమ్మవారి పట్టుచీర తీసి, ఏటా చేసినట్టే ఒకసారి కుచ్చిళ్ళు పట్టి చూడటం మొదలుపెట్టాడు. ఈసారి నిజంగానే మగ్గాల దగ్గరికి పోయి, ధర్మవరం నుంచి చీర తెచ్చాడు. కుంకుమరంగు, మామిడిపిందెల అంచు.

"నాయనా, ఆ చీర పక్కన పెట్టు. రొంత మాట్లాడల్ల" అన్నాడు సుదర్శన్.

"మాట్లాడప్పా. చేతులు పని చేస్తాంటే చెవులు వినవా?"

సుదర్శన్ లేచి తల్లి చేతిలోంచి ఫోను లాక్కుని తండ్రి ముందు పెట్టాడు. హార్మోనియం మోగింది. తెలుగూ కన్నడమూ కలిపి ఎవరో మైకులో ఏదో చెప్పారు. రాణి వచ్చింది, కొంగు తిప్పింది, ఏడ్చింది. మల్లికార్జునయ్య చివరిదాకా చూశాడు. ఆయన మొహంలో భయం కనిపిస్తుందేమోనని ఆదిలక్ష్మి కళ్ళప్పగించి చూసింది. కనిపించలేదు.

"హార్మోనియం రొంత ముందు పోతాండాది. రామాంజులుకు ఎప్పుడూ ఆత్రమే" అన్నాడాయన.

అంతే, సుదర్శన్‌కు తిక్కరేగింది. "ఊరంతా మన మీద నవ్వుతాంటే నువ్వు హార్మోనియం గురించి చెప్తాండావా నాయనా? నీకేమన్నా మతి ఉండాదా? పొద్దున్నుంచి అంగట్లో నేను మొహం యాడ పెట్టుకోవల్లో తెలీక చస్తాండా. పక్కంగడోడు వచ్చి, రాణిగారు రాలేదా అని అడిగిపోయినాడు."

"వచ్చినాక పంపిస్తాం అని చెప్పాల్సింది."

"నాయనా!"

ఐశ్వర్యకు నవ్వు వచ్చి, అత్త మొహం చూసి ఆపుకుంది. ఆదిలక్ష్మి మాత్రం నవ్వే స్థితిలో లేదు. ఆమెకు కోపమా, దిగులా అని అడిగితే చెప్పలేదు.

"దీంట్లో ఇంత రచ్చ ఎందుకో నాకు తెలీదు" అంది ఐశ్వర్య మొగుడితో. "అది మామయ్య హాబీ. నేను బెంగళూరులో పని చేసేటప్పుడు మా మేనేజర్ శనివారం వస్తే స్టేజి ఎక్కి జోకులు చెప్పేవాడు. ఆఫీసంతా పోయి చప్పట్లు కొట్టేవాళ్ళం."

"హాబీ అంటే ఏందో నీకు తెలుసా? పొద్దున్నే పోయి షటిల్ ఆడొచ్చేది హాబీ. స్టాంపులు దాచిపెట్టుకునేది హాబీ. చీర కట్టుకోని, బొట్టు పెట్టుకోని పరాయి ఊర్లో ఏడ్చేది హాబీ కాదు. దానికి పేరు వేరే ఉండాది."

"ఏం పేరు?" అన్నాడు మల్లికార్జునయ్య తలెత్తకుండా.

సుదర్శన్ ఆ పేరు చెప్పలేకపోయాడు. ఎంతైనా తండ్రి.

"నేను అంగడి చీరలు కట్టుకోని రీల్స్ చేస్తాండా కదా. ఎవురెవురో చూస్తాండారు, ఏందేందో రాస్తాండారు. ఫోన్ పట్టుకునేది నువ్వే" అంది ఐశ్వర్య.

"అది అంగడి కోసరం."

"ఊఁ" అన్నాడు మల్లికార్జునయ్య. అప్పుడు తలెత్తాడు. "అంగట్లో నేను రోజూ చీర కట్టుకుంటాండా సుదర్శన్. కొంగు ఏసుకుంటాండా, నడుం మీద చెయ్యి పెట్టుకోని తిరిగి చూపిస్తాండా. ముసిలోళ్ళు చూసినారు, పెండ్లికూతుర్లు చూసినారు. ఇన్నేండ్లలో ఒక్కరన్నా నవ్వల్యా. అదే చీర, అదే మనిషి. దుడ్లొస్తే వ్యాపారం, రాకుంటే పిచ్చి. అంతేనా?"

సుదర్శన్ కోపం ఒక మెట్టు దిగింది. నెమ్మదిగా వచ్చి తండ్రి పక్కన చాప మీద కూర్చున్నాడు. మంచి పిల్లవాడే. భయస్తుడు, అంతే. వానలు లేక పెళ్ళిళ్ళు లేక, ఖాళీ అంగట్లో ఫ్యాను కింద కూర్చుని ఆవలించే మనిషికి ఊరి నవ్వు మోయడం కష్టం.

"నీతో వాదించేదానికి రాల్యా నాయనా. ముఖేష్ మాట్లాడినాడు" అన్నాడు. ముఖేష్ అంటే సంఘం కార్యదర్శి. "వాండ్లకూ నిన్ను తీసేయల్లని లేదంట. కానీ ఆడవేషం కట్టిన చెయ్యి అమ్మవారి చీర ముట్టుకుంటే ఎట్ల అని కొందరు పట్టుబట్టినారంట. మొహం ఎట్లా తెలీటంల్యా. రేపు సభలో నువ్వు లేచి, అది నేను కాదు అని ఒక్క మాట చెప్పు. వాండ్లు సరే అంటారు. అయిపోతాది."

"నేను కాదు అని చెప్పల్ల."

"ఒక్క మాట నాయనా."

"అబద్ధం కదప్పా."

"అంగట్లో రోజూ చెప్పేదే కదా! అసలు ధరకే ఇస్తాండా అని అమ్మవారి పటం కిందనే కూచోని చెప్తావే."

మల్లికార్జునయ్య నవ్వాడు. "అది ఎవురూ నమ్మరు కాబట్టి అబద్ధం కాదు" అన్నాడు. కానీ ఆయన చేతులు ఆగిపోయాయి. సగం పట్టిన కుచ్చిళ్ళు ఒక చేతిలో ఉండిపోయాయి. ఆయన ఆ చీర వంక చూసిన చూపు ఆదిలక్ష్మి చూసింది. ఆయనకు ఆ కుచ్చిళ్ళు వదులుకోవడం చేతకాదు. ఆ రాణిని వదులుకోవడమూ చేతకాదు. ఆమెకు తెలిసినంతలో ఆయన దేనికీ ఇలా మొహం పెట్టింది లేదు.

"ఎట్ల మొదలైంది ఇది?" అంది ఆమె. ఫోను చేతికి వచ్చినప్పటినుంచి ఆమె నోరు తెరవడం అదే మొదలు.

ఆయన భార్య వైపు తిరగలేదు. చీరతోనే చెప్పాడు. "ఆ ఊరి పెద్ద, గౌడ ఇంట్లో పెండ్లికి చీరలు తీస్కపోయినా. అదే రోజు నాటకం. రాణి వేషానికి పిలిపించిన ఆమె రాల్యా. అయిపాయె, నాటకం ఆపితే దేవుడికి కోపం, వాన రాదు అని ఊరంతా ఏడుపు మొహం పెట్టినారు. ఎవురో పిల్లోడికి రంగు పూసినారు, వానికి చీర నిలబడదు. నేను కట్టి చూపిస్తా అని లేసినా. కట్టినాక రామాంజులు నన్ను చూసి, శెట్టీ, నువ్వే పో అన్నాడు. పోయినా." చేతిలోని జరీ అంచును వేలితో సర్దాడు. "తెల్లారి చినుకులు పడినాయి. అది నా వల్ల కాదు, నాకూ తెలుసు. కానీ ఆ ఊరోళ్ళు మళ్ళా పిలిచినారు. నేను మళ్ళా పోయినా."

"ఎన్నేండ్లాయె?"

"శానా ఏండ్లాయె."

"నాకెందుకు చెప్పల్యా?"

ఆయన జారబోయిన కుచ్చిని మళ్ళీ పట్టుకున్నాడు. అంగట్లో గిరాకీతో గంటలు గంటలు మాట్లాడే మనిషి ఇంట్లో చాలా తక్కువ మాట్లాడతాడని ఆమె ఎప్పుడో సర్దుకుంది. తల్లి పోయిన రోజున కూడా ఈయన కంట నీటిచుక్క రాలేదు. అలాంటి మనిషి ముక్కూమొహం తెలియని ఊళ్ళో, వందలమంది ముందు, వెక్కి వెక్కి ఏడ్చి వచ్చాడు. వచ్చి ఇంట్లో పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పాడు. ఆదిలక్ష్మికి అక్కడ మండింది.

ఆమె చాప దగ్గరికి వచ్చి ఫోను తీసుకుంది. రాణిని మళ్ళీ కదిలించింది. అందరూ చూసింది రాణి కొంగు తిప్పిన చోటు. అక్కడ నవ్వుకుని ఆపేశారు. ఆ తర్వాతది ఎవరూ సరిగ్గా చూసినట్టు లేదు. ఆదిలక్ష్మి కూడా పొద్దున కంగారులో చూసింది గాని మనసుకు ఎక్కలేదు. ఇప్పుడు చూసింది.

రాణి కొంగు చివరను చూపుడువేలికి చుట్టుకుంది. కళ్ళు తుడుచుకోలేదు, అద్దుకుంది. ఒక కన్ను, తర్వాత రెండో కన్ను. ఆ తర్వాత ఆ తడిసిన చుట్టును విప్పకుండా అలాగే పిడికిట్లో దాచుకుని, ఆకాశం వైపు చూసి, నవ్వు మొహం పెట్టుకుని వెనక్కు తిరిగింది.

ఆదిలక్ష్మి దాన్ని మొదటినుంచి మళ్ళీ ఒకసారి చూసింది.

ఆమె బుక్కరాయసముద్రం పిల్ల. చిన్నప్పటినుంచి భజనలో ముందు కూర్చుని పాడేది. ఈ కాలం పెళ్ళి బయోడేటాల్లో హాబీలని ఒక వరస ఉంటుంది, ఐశ్వర్యది వచ్చినప్పుడు కూడా అందులో సంగీతం అని రాసి ఉంది. ఆదిలక్ష్మి నాటికి బయోడేటాలు లేవు. వాళ్ళ నాయన నోటితోనే చెప్పాడు, మా పాప బాగా పాడుతుందని. కాబోయే అత్త సంతోషంగా తలూపి, ఒక పాట పాడించుకుని కూడా పోయింది. పెళ్ళయ్యాక పెరట్లో నీళ్ళ డ్రమ్ము దగ్గర గిన్నెలు తోముతూ ఒకరోజు పాడితే, అదే అత్త వచ్చి నిలబడింది. "అంగడి ఆనుకోని ఇల్లు మనది. గిరాకీ వింటారు. మన ఇండ్లల్లో కోడండ్ల గొంతు వాకిలి దాటగూడదు, మర్యాద కాదు" అంది. గట్టిగా కూడా అనలేదు. ఆ ఇంట్లో మర్యాద అంటే బయటికి వినపడకపోవడమని ఆదిలక్ష్మికి ఆ రోజు తెలిసింది. పాట ఆపేసింది. ఆ డ్రమ్ము వెనక చాలాసార్లు ఏడ్చింది. తుడుచుకుంటే కళ్ళు ఎర్రబడి అత్తకు తెలిసిపోతుందని అద్దుకునేది. తడిసిన కొంగు కనపడకుండా పిడికిట్లో దాచుకునేది. నవ్వు మొహం పెట్టుకుని లోపలికి వచ్చేది.

ఎవరూ చూడలేదనుకుంది. ఇన్నేళ్ళూ అదే అనుకుంది.

"మీరు చూసినారు" అంది.

మల్లికార్జునయ్య చేతిలోని కుచ్చిళ్ళను ఒళ్ళోకి లాక్కున్నాడు.

"డ్రమ్ము దగ్గర. నన్ను మీరు చూసినారు. ఒకసారి కాదు, ఇంత సరిగ్గా నేర్చుకోవల్లంటే మళ్ళా మళ్ళా చూసింటారు."

"ఏందమ్మా? ఏం డ్రమ్ము?" అన్నాడు సుదర్శన్. ఐశ్వర్య అతని భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

"అంగడి వెనక కిటికీలోంచి కనపడేది" అన్నాడు మల్లికార్జునయ్య. "మాయమ్మకు ఎదురు చెప్పేంత మొగోన్ని కాదు అప్పుడు. ఏం చేయల్లో తెలీల్యా. రాణి వేషం కట్టినప్పుడు రామాంజులు ఏడువు ఏడువు అంటాడు, నాకేమో ఏడ్చేది రాదు. కండ్లు మూసుకుంటే నువ్వు కనపడితివి."

"అట్లయితే ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ కిటికీ కాడ్నుంచి లేసి రావల్లని అనిపించల్యా మీకు? వచ్చి, పాడుకో పో అని చెప్పల్లని?"

ఆయన తల ఇంకా కిందికి దిగింది.

ఆదిలక్ష్మికి ఏం చేయాలో తోచలేదు. లోకంలో తన ఏడుపు చూసిన మనిషి ఒకడున్నాడని ఒకపక్క గుండె కరుగుతోంది. ఆ ఏడుపును తీసుకుపోయి చప్పట్లు కొట్టించుకుని, తనకు మాత్రం ఒక్క మాట దక్కనివ్వలేదని ఇంకోపక్క రగులుతోంది. రెండూ నిజమే. ఏది ముందో తేల్చుకునేలోపే సుదర్శన్ ఫోను మోగింది.

ముఖేష్. సుదర్శన్ ఎత్తి, రెండు మాటలు విని, తల్లి వైపు చూశాడు. "నీతోనే మాట్లాడల్లంటాండాడు" అని స్పీకరు పెట్టి ఆమె చేతికిచ్చాడు.

"వదినా, బాగుండారా? ఈడ నేను నలుగురు పెద్దోళ్ళతో కూచోనుండా" అన్నాడు ముఖేష్. గొంతులో కలుపుగోలుతనం ఉంది. "రేపు సభలో అందరి ముందు అన్నను నిలబెట్టి అడిగేది మాకూ బాగలేదు. అన్న మీద గౌరవం ఉండాది. అందుకని ఒక దారి అనుకున్నాం. ఇంటి ఇల్లాలికి తెలీకుండా మొగుని మొహం ఇంకెవురికి తెలుస్తాది? ఆ వీడియోలో ఉండేది అన్న కాదని మీరొక్క మాట చెప్పండి. ఇంగ రేపు ఎవురూ నోరెత్తరు. దసరాకు కుచ్చిళ్ళు అన్నవే."

సుదర్శన్ రెండు చేతులూ జోడించి తల్లి ముందు నిలబడ్డాడు. మల్లికార్జునయ్య చీర పట్టుకుని అలాగే కూర్చున్నాడు, చెప్పమనీ లేదు, చెప్పొద్దనీ లేదు. ఎప్పుడూ ఇంతే ఈ మనిషి, అనుకుంది ఆదిలక్ష్మి. కిటికీ దగ్గరా ఇంతే, ఇప్పుడూ ఇంతే.

"ముఖేష్, ఆ వీడియోలో ఏడ్చేది మీ అన్న కాదు" అంది.

సుదర్శన్ అమ్మయ్య అని సోఫాలో కూలబడ్డాడు. అవతల ఎవరో "చూస్తిరా, నేను చెప్పల్యా" అనడం వినిపించింది. మల్లికార్జునయ్య మాత్రం ఒక్కసారిగా పదేళ్ళు పైబడినట్టు అయిపోయాడు. కుచ్చిళ్ళు దక్కాయి, ఆయన మొహంలో ఆ సంతోషం లేదు.

"శానా సంతోషం వదినా, ఉంటా మరి."

"ఉండప్పా, నేను ఇంకా చెప్పల్యా" అంది ఆదిలక్ష్మి. "ఆడ ఏడ్చేది నేను."

"ఏంది వదినా? మీరా? మీరు నాటకంలోకి యాడ పోయినారు?"

"నేను యాడికీ పోల్యా. పోనియ్యల్యా. ఆ ఏడుపు నాది. ఈ ఇంటి పెరట్లో ఏడ్చినా, దాన్ని ఆయన ఆ ఊరికి మోసుకుపోయినాడు. ఎట్లనో రేపు సభలో చెప్తా. ఆయన్ను లేపొద్దండి, నన్ను లేపండి."

ఆమెకు ఆ కొత్త ఫోను ఆపడం రాదు. అలాగే కొడుకు చేతిలో పెట్టేసింది. సుదర్శన్ దాన్ని నిప్పును పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

మల్లికార్జునయ్య మెల్లగా తలెత్తాడు. కళ్ళ నిండా నీళ్ళున్నాయి. ఇంట్లో ఆయన అలా కనిపించడం అదే మొదలు. ఏదో అనబోయాడు, బహుశా ఆమె పేరే.

"సంబరపడొద్దండి" అంది ఆదిలక్ష్మి. "రేపు వస్తా అన్నా. మీ పక్కన నిలబడతా అని ఎవురితోనూ చెప్పల్యా."

ఆమె పెరటి తలుపు తీసుకుని డ్రమ్ము దగ్గరికి వెళ్ళిపోయింది. నడింట్లో ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కాసేపటికి పెరట్లోంచి, మొదట బొంగురుగా, తర్వాత వాకిలి దాటి వీధిలోకి వినపడేంత గట్టిగా, పాట మొదలైంది. మల్లికార్జునయ్య చేతిలోంచి అమ్మవారి కుచ్చిళ్ళు ఒకటొకటే జారిపోయాయి.